మార్కుల జాబితా వెనక పేజీ కూడా చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మీ పత్రిక శ్రీకాకుళం ఎడిషన్ పొద్దున్నే పాతపట్నం మీదుగా మా ఊరికి వస్తుంది. నాన్న కిరాణా కొట్టు తెరిచి దీపం పెట్టాక మొదట చేతిలోకి తీసుకునేది అదే. ఒడియా పేపరు కూడా తెప్పిస్తారు గానీ దాన్ని చదివేది మధ్యాహ్నం భోజనం అయ్యాక. ఈమధ్య మీరు విదేశీ చదువుల మీద వేసిన పేజీ మా కొట్టు దగ్గర చాలామంది చేతులు మారింది. ఏజెన్సీలు, బ్యాంకు లోన్లు, వీసా రాక ఆగిపోయినవాళ్లు, అన్నీ ఉన్నాయి అందులో. ఒక్క సెమిస్టర్ వెళ్లి చదువుకుని తిరిగొచ్చే ఎక్స్ఛేంజ్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను అలా వెళ్లొచ్చినదాన్ని. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడవైనా దయచేసి పూర్తిగా చదవండి.

నేను మా రాష్ట్రంలోనే ఒక విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఎం.ఏ. ఎకనామిక్స్ చదివాను. ఎనిమిదో సెమిస్టర్‌కి, అంటే 2025 వేసవిలో, జర్మనీ వెళ్లాను. వెళ్తున్నానని తెలియగానే ఊళ్లో అందరూ అడిగింది రెండే మాటలు: ఏజెంటుకి ఎంత ఇచ్చారు, ఎంత అప్పు చేశారు. ఏజెంటు ఎవరూ లేరని చెబితే నమ్మలేదు. ఎక్స్ఛేంజ్ అంటే రెండు విశ్వవిద్యాలయాల మధ్య ముందే ఒప్పందం ఉంటుంది. మనం ఫీజు మన దగ్గరే కడతాం, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. డిగ్రీ మనదే. అక్కడ చదివిన పేపర్లు వచ్చి మన మార్కుల జాబితాలో చేరాలి. చేరాలి అన్న ఆ మాట దగ్గరే నా కథంతా ఉంది. దానికి ముందు వెళ్లడం గురించి చెప్తాను, ఎందుకంటే మా సరిహద్దు పిల్లల్లో చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు. నాకూ నోటీసు బోర్డు మీద చివరి తేదీకి నాలుగు రోజుల ముందు కనబడింది. మా విభాగం నుంచి అంతకుముందు ఎవరూ వెళ్లలేదట.

డబ్బు సంగతి దాచకుండా రాస్తున్నాను. వీసా కావాలంటే అక్కడ బతకడానికి సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. అప్పటి లెక్క నెలకు 992 యూరోలు. ఆరు నెలలకి 5,952 యూరోలు, మన డబ్బులో ఐదు లక్షల ముప్పై వేల పైచిలుకు. అది ఫీజు కాదు, మన డబ్బే, నెలనెలా మనకే విడుదల చేస్తారు. కానీ ముందు ఒక్కసారే వెయ్యాలి కదా. నాన్న కొట్టు కోసం దాచిన రికరింగ్ డిపాజిట్ తీశారు, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. అక్కడ నా గది అద్దె 270 యూరోలు, ఆరోగ్య బీమా 140 పైన, తిండి, పుస్తకాలు అన్నీ కలిపి నెలకు 700 లోపే అయ్యేది. మిగిలింది తిరిగి తెచ్చి గాజులు విడిపించాం. ఈ లెక్క తెలిస్తే ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు ధైర్యం చేస్తారు.

ఇక వీసాకి ఒడిశా చిరునామా ఉన్నవాళ్లం కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. మాకు దగ్గరి నగరం విశాఖ, బంధువులున్నది చెన్నైలో. అయినా నాన్నా నేనూ పలాసలో రైలెక్కి హౌరా వెళ్లాం. మా చిన్నాన్న విమానం టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి చూశారు. నేను వెళ్లాల్సిన ఫ్రాంక్‌ఫర్ట్ అది కాదు. ఓడర్ నది ఒడ్డున, పోలెండ్ సరిహద్దులో ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. బెర్లిన్‌లో దిగి గంటసేపు రైల్లో వెళ్లాలి. పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ దేశానికి అటు కొసన ఉంది. వెళ్లేవాళ్లెవరైనా ఈ పొరపాటు చెయ్యకండి.

ఆ ఊరిని నేను కావాలనే ఎంచుకున్నాను. ఓడర్‌కి ఇటు ఫ్రాంక్‌ఫర్ట్, అటు స్లుబిత్సె. 1945 దాకా రెండూ కలిసి ఒకే ఊరు. యుద్ధం అయ్యాక నది వెంట గీత గీస్తే ఇటువైపు జర్మనీ, అటువైపు పోలెండ్ అయ్యాయి. మా దగ్గర మహేంద్రతనయకి ఇటు పర్లాకిమిడి, అటు పాతపట్నం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రాంతం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. మా మేనత్త పాతపట్నంలో ఉంటుంది. ఆమెది ఆంధ్రా రేషన్ కార్డు, మాది ఒడిశాది. మా అన్నయ్య ఒడిశా బోర్డులో టెన్త్ పాసై శ్రీకాకుళంలో కాలేజీకి వెళ్తే నాన్‌లోకల్ అన్నారు, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. ఇలాంటి ఊరి నుంచి వెళ్లినదానికి ఆ వంతెన కొత్తగా అనిపించలేదు. మొదటి వారమే నడిచి అటువైపు వెళ్లి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుడ్లు కొనుక్కొచ్చాను. అటు చవక. ఇటు యూరోలు, అటు జ్లోటీలు, పర్సులో రెండు అరల్లో పెట్టుకునేదాన్ని.

ఒకటి మాత్రం తేడా. మాకు వంతెన దాటడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. అక్కడ కూడా చాలా ఏళ్లు అక్కర్లేకపోయిందట, కానీ 2023 చివర్లో జర్మనీ పోలెండ్ సరిహద్దులో మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. నేనున్నప్పుడు 2025 జూలై 7 నుంచి పోలెండ్ కూడా మొదలుపెట్టింది. కూరగాయల సంచీతో వస్తుంటే పోలీసు ఆపి పాస్‌పోర్ట్ అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నా ముందు నడుస్తున్నవాళ్లని ఆపలేదు, నన్ను ఆపాడు. ఆ సాయంత్రం గదికి వచ్చి చాలాసేపు వంట మొదలుపెట్టలేకపోయాను. ఆ తర్వాత పాస్‌పోర్ట్ లేకుండా గడప దాటలేదు.

నేను చదివిన విశ్వవిద్యాలయం పేరు వియాడ్రినా. 1506లో పెట్టారు, 1811లో మూసేశారు, రెండు జర్మనీలు కలిశాక 1991లో మళ్లీ తెరిచారు. జర్మన్లు, పోలెండ్ వాళ్లు ఒకే తరగతిలో కూర్చోవాలన్నది తెరిచినవాళ్ల ఉద్దేశం. నా తరగతిలో ఉక్రెయిన్ పిల్లలు కూడా ఉన్నారు. ఒక సెమినార్‌లో ఎవరి సరిహద్దు గురించి వాళ్లు చెప్పాలన్నారు. నేను బోర్డు మీద నది గీసి, రెండు పక్కలా రెండు ఊళ్లు పెట్టి, పైన సవర పల్లెలున్న కొండలు గీశాను. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారని చెప్పాను. ప్రొఫెసర్ ఆయన పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. ఒక పోలిష్ అమ్మాయి అడిగింది, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే నువ్వు లెక్కలు ఏ భాషలో వేసుకుంటావని. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు ఆ మాట. ఎక్కాలు ఒడియాలోనే వస్తాయి నాకు, బడిలో నేర్చుకున్నవి కాబట్టి. చిల్లర మాత్రం తెలుగులో లెక్కపెడతాను, కొట్టులో నాన్న పక్కన నిలబడి నేర్చుకున్నది కాబట్టి. అలాగే చెప్పాను. తర్వాత ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ సంగతి చెప్పింది. యుద్ధం అయ్యాక తూర్పు నుంచి తీసుకొచ్చి ఇక్కడ దింపారట, ఎవరో జర్మన్లు ఖాళీ చేసిన ఇంట్లో. ఆ ఇంటి అల్మారాలో దొరికిన పళ్లేలు ఇప్పటికీ వాడుతున్నారట.

అక్కడి కష్టాలు కూడా ఉన్నాయి. ఆదివారం దుకాణాలు మూసేస్తారని నాకెవరూ చెప్పలేదు, మొదటి ఆదివారం అమ్మ కట్టిచ్చిన అటుకులు, కందిపొడితో గడిపాను. గది దొరికిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటివాళ్ల సంతకం కావాలి. ఏప్రిల్‌లో కూడా చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఇవన్నీ నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. చదువు బాగుంది. ఐదు పేపర్లు తీసుకున్నాను, ఐదూ పాసయ్యాను.

ఇప్పుడు అసలు విషయం. వెళ్లేముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం ఉంటుంది. అక్కడ ఏ పేపర్లు చదువుతాం, అవి ఇక్కడ ఏ పేపర్ల కింద లెక్కలోకి వస్తాయి అని అందులో రాసి ముగ్గురు సంతకం పెడతారు: విద్యార్థి, పంపేవాళ్లు, చేర్చుకునేవాళ్లు. నాది మా విభాగాధిపతి సంతకం పెట్టారు. ఒక పేపర్‌లో సీట్లు నిండిపోయి నేను వేరేది మార్చుకుంటే, అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లు రెండు రోజుల్లో మార్పు కాగితం మీద సంతకం పెట్టి మా వాళ్లకి మెయిల్ చేశారు. అది ఇక్కడ ఎవరూ తెరవలేదని నాకు తర్వాత తెలిసింది. పెద్ద సంగతి ఏంటంటే, మొదటి కాగితం కూడా మా విభాగం ఫైల్లోనే ఉండిపోయింది. మార్కులు ఎక్కించే ఎగ్జామినేషన్ సెక్షన్‌కి దాని కాపీ వెళ్లలేదు.

ఆగస్టులో తిరిగొచ్చాను. తొమ్మిదో సెమిస్టర్ తరగతులు అప్పటికే నెల రోజులుగా జరుగుతున్నాయి. సెప్టెంబరు చివర్లో జర్మనీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే అక్కడి మార్కుల జాబితా వచ్చింది. నా గ్రేడ్లు 1.3, 1.7, 1.7, 2.0, 2.3. జర్మనీలో 1.0 అంటే అన్నిటికంటే మంచి గ్రేడు. 4.0 అంటే బొటాబొటి పాస్. 5.0 అయితే ఫెయిల్. అంటే అంకె తగ్గేకొద్దీ మంచి మార్కు. మన దగ్గర పదికి లెక్క, అంకె పెరిగేకొద్దీ మంచిది. మా సెక్షన్‌లో ఆ ఐదు అంకెల్నీ ఉన్నవి ఉన్నట్టు గ్రేడ్ పాయింట్ల గడిలో ఎక్కించారు. సగటు 1.8. పక్కన ఫెయిల్ అని వచ్చింది. ఐదు పేపర్లూ బ్యాక్.

ఆ జాబితా ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చాను. నాన్న కొట్టులో ఉన్నారు. కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. "ఏటమ్మా, పదికి రెండు కూడా రాలేదా?" అన్నారు. కోప్పడలేదు. అమ్మ గాజుల మాట ఎత్తలేదు. నేను చెప్పింది విని తల ఊపి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఖాతా పుస్తకంలో పెట్టుకున్నారు. అంతకుముందు వారమే కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ మా అమ్మాయి జర్మనీలో పాసైందని చెప్పారు. ఆ రోజు నుంచి ఎవరైనా అడిగితే మాట మార్చేసేవారు. నేను చెప్పేది నిజమని ఆయనకి తెలుసు. కానీ ముద్ర ఉన్న కాగితం వేరే మాట చెబుతోంది కదా.

ఎగ్జామినేషన్ సెక్షన్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మాకు ఆర్డర్ లేదన్నారు. జర్మనీ పేపరు ఆరు క్రెడిట్లు (పేపర్‌లో ఎంత చదువు ఉందో చెప్పే లెక్క), మాది నాలుగే, ఎలా సరిపోతుందన్నారు. ఇది కష్టమైన లెక్కేమీ కాదు. యూరప్‌లో ఒక సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. మన దేశంలో 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 40, అంటే సెమిస్టర్‌కి 20. కాబట్టి అక్కడి ఆరు ఇక్కడి నాలుగు. నా ఐదు పేపర్లు అక్కడ 30, ఇక్కడ 20, కచ్చితంగా సరిపోతాయి. గ్రేడ్లు మార్చడానికి కూడా జర్మన్లు వాడే సూత్రం ఉంది, మన మార్కుల్ని వాళ్లు దానితోనే తమ గ్రేడుల్లోకి మారుస్తారు. పదికి నాలుగు పాస్ అనుకుంటే, జర్మన్ గ్రేడ్‌లోంచి ఒకటి తీసి, మిగిలింది రెట్టింపు చేసి, పదిలోంచి తీసెయ్యాలి. 1.7లోంచి ఒకటి పోతే 0.7, రెట్టింపు 1.4, పదిలోంచి తీస్తే 8.6. అలా నా ఐదు గ్రేడ్లు 9.4, 8.6, 8.6, 8.0, 7.4. సగటు 8.4. కొట్టులో చీటీ వెనక నాన్నకి వేసి చూపించాను, ఆయన పెన్ను తీసుకుని మళ్లీ వేసి సరిచూసుకున్నారు. ఎనిమిదో తరగతి చదివిన మా నాన్నకి రెండు నిమిషాలు పట్టింది. సెక్షన్‌కి ఐదు నెలలు పట్టింది.

దారి చూపించింది ఆ సెక్షన్‌లోనే పనిచేసే ఒక పెద్దావిడ. రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్నారు. డిసెంబరులో ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, ఒరిజినల్ తెచ్చావా అని అడిగారు. ఇచ్చాను. ముందు పేజీ చూసి తిప్పారు. వెనక పేజీలో చిన్న అక్షరాల్లో గ్రేడ్ల పట్టిక మొత్తం ఉంది, ఏ అంకె మంచిది, ఏది పాస్, ఏది ఫెయిల్ అని, జర్మన్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ. ఆవిడ ఫైలు తీయించి చూశారు. అందులో ఉన్నది ముందు పేజీ జిరాక్స్ మాత్రమే. వెనక పేజీ ఎవరూ తీయలేదు. నేను కూడా అన్ని నెలలూ ఆ కాగితం సంచీలో పెట్టుకుని తిరిగి, తిప్పి వాళ్ల ముందు పెట్టలేదు. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్లి రెండు పక్కలా జిరాక్స్ తీసుకొచ్చి ఫైల్లో కుట్టించారు. అయినా అకడమిక్ కౌన్సిల్ ఆమోదం కావాలన్నారు, ఆ సమావేశం ఫిబ్రవరిలో. సరిచేసిన జాబితా నా చేతికి వచ్చింది మార్చిలో.

ఈలోగా నవంబరులో క్యాంపస్‌కి ఒక కంపెనీ వచ్చింది. బ్యాక్ పేపర్లు ఉన్నవాళ్లు రాకూడదన్నారు. నా స్నేహితురాలు అర్హుల జాబితా ఫొటో తీసి పంపింది, అందులో నా పేరు లేదు. తొమ్మిదో సెమిస్టర్ పరీక్షలకి కూడా తాత్కాలిక అనుమతి రాయించుకుని కూర్చున్నాను, హాల్లో ప్రతి రోజూ అదే టెన్షన్, ఎప్పుడు లేపేస్తారో అని. ఆ ఉద్యోగం కచ్చితంగా నాకు వచ్చేదని అనను. కనీసం ఆ కంపెనీ పరీక్ష రాసే హక్కు నాకుంది.

నా విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ చెడ్డవాళ్లు ఎవరూ లేరు, నాకు మేలు చేసిన ఆవిడా అక్కడే ఉన్నారు. విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగుతారు, ఆ ఫొటోలు మీ పత్రికలో కూడా వస్తాయి. వెళ్లొచ్చిన పిల్లల మార్కులు ఎవరు, ఏ లెక్కన ఎక్కిస్తారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. నేను కోరేది ఇంతే. లెర్నింగ్ అగ్రిమెంట్ విభాగంలో ఆగిపోకూడదు, విద్యార్థి విమానం ఎక్కకముందే ఎగ్జామినేషన్ సెక్షన్‌కి చేరాలి, చేరినట్టు ముద్ర పడాలి. గ్రేడ్లు మార్చే పట్టిక ఆ కాగితానికే జతచెయ్యాలి. పేపరు మారితే ఆ మార్పు కూడా అదే ఫైల్లోకి వెళ్లాలి. దీనికి కొత్త చట్టం, బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. మీరు ఈసారి విదేశీ చదువుల పేజీ వేసినప్పుడు ఒక మూల దీనికి ఇవ్వండి. మీ విలేకరులు ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ రిజిస్ట్రార్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: వెళ్లొచ్చిన విద్యార్థి గ్రేడ్లు మార్చడానికి మీ దగ్గర రాసిపెట్టిన పట్టిక ఉందా, లేదా?

మా పిల్లలు వెళ్లాలనే నేను ఇంత రాస్తున్నాను. తెలుగు, ఒడియా, హిందీ, కొందరికి సవర కూడా వచ్చిన పిల్లలు మా వైపు ఎందరో ఉన్నారు. కొత్త ఊళ్లో కొత్త భాష మధ్య ఉండటం చిన్నప్పటి నుంచీ అలవాటే వాళ్లకి. నాకు జరిగింది చూసి, మా జూనియర్లలో ఇద్దరు దరఖాస్తు పెట్టడం మానుకున్నారు. అది నాకు ఆ ఉద్యోగ అవకాశం పోయినదానికంటే ఎక్కువ బాధ.

ఒక అమ్మాయి మాత్రం మానలేదు. గుణుపూర్ నుంచి వచ్చి చదువుకుంటోంది, ఈ అక్టోబరులో వెళ్లాలి. నిన్న రాత్రి ఫోన్ చేసింది. అగ్రిమెంట్ మీద మూడు సంతకాలూ అయ్యాయట. కాపీ ఎగ్జామినేషన్ సెక్షన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రశీదు తీసుకోమన్నాను. "అలాంటి రశీదు ఇవ్వరంట అక్కా" అంది. సోమవారం పొద్దున్న బస్సుకి నేను కూడా తనతో వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా